జమ్మిచెట్టు: వైద్యమున దాని ఉపయోగములు, పంచాయతీల కర్తవ్యము

(పర్ణశాల ప్రాంతపు గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



పర్ణశాల యను పేరు వినినంతనే తెలుగువారి మనస్సున సీతారామలక్ష్మణుల వనవాసము మెదలును. సీతవాగును, నారచీరల గుర్తులను చూచుటకు ఏటేట వేలాది యాత్రికులు ఈ గోదావరి ఒడ్డునకు వచ్చుచున్నారు. పర్ణశాల యనగా ఆకుల కుటీరము. ఆ కుటీరమును లక్ష్మణుడు ఏ విధముగా కట్టెనో వాల్మీకి మహర్షి అరణ్యకాండము పదునైదవ సర్గలో చెప్పియున్నాడు. మట్టితో గోడలు లేపి, పొడుగైన వెదుళ్లు నిలిపి, వానిపై శమీవృక్షపు కొమ్మలు పరచి, గట్టి త్రాళ్లతో బిగించి, దర్భయు, రెల్లును, ఆకులును కప్పెనట. ఆ శమియే మన జమ్మి. పర్ణశాలకు కప్పుగా నిలిచిన ఆ చెట్టును గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిమి.

దసరానాడు జమ్మికి ప్రదక్షిణము చేసి, దాని ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి దీవెనలు పొందుట మన ఆచారము. పాండవులు తమ ఆయుధములను జమ్మిచెట్టుపై దాచిన కథ పిల్లలకు సయితము తెలియును. ఇన్ని తెలిసిన మనకు ఆ చెట్టు మందుగా ఏ విధమున ఉపకరించునో, ఆ మందునకు హద్దు ఎక్కడ నున్నదో అంతగా తెలియదు. ఈ రెండును తెలియవలెను. తెలిసినదానిని గ్రామమున నిలుపుకొనవలెను. ఆ పని చేయదగిన సంస్థ మీ పంచాయతీయే.

ఎడారిలో పచ్చని చెట్టు

జమ్మి పుట్టినిల్లు నీటివసతి గల అడవి కాదు. రాజస్థానమునందలి థారు ఎడారి, సింధు, అరేబియా ప్రాంతములు దాని సొంత నేలలు. మన ప్రాంతపు అడవులలో టేకు, మద్ది, ఇప్ప, తునికి, వెదురు విరివిగా కనబడును. జమ్మి మాత్రము తెలుగునాట ఎక్కువగా మెట్టచేల గట్లపైనను, గుడి ఆవరణలలోను, ఊరి పొలిమేరలలోను నిలిచియుండును. మండువేసవిలో తక్కిన చెట్లు ఆకు రాల్చి మోడులైనప్పుడు జమ్మి క్రొత్త చిగురు వేయును. దాని తల్లివేరు పదుల మీటర్ల లోతునకు దిగి అడుగునీటిని అందుకొనుటయే ఇందుకు కారణము. చిక్కుడు, కందుల వలె ఇదియు కాయధాన్యపు కుటుంబమునకు చెందినది. కనుక దీని వేళ్లయందలి సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. రాజస్థాన రైతులు చేలలో జమ్మిని నరకక ఉంచుకొని దాని నీడలోనే సజ్జ పండించుకొనుచున్నారు.

ఆ ప్రాంతమువారు దీనిని ఖేజ్డి యందురు. లేతకాయలను సాంగ్రి యని పిలిచి, ఎండబెట్టి, ఏడాది పొడవునా కూరగా వండుకొందురు. ఆకు మేకలకు, ఒంటెలకు మేత. 1868–69 సంవత్సరములలో రాజపుత్రస్థానమున ఘోరమైన కరవు వచ్చినప్పుడు జనులు దీని బెరడును పిండిచేసి రొట్టెలు కాల్చుకొని తిని ప్రాణములు నిలుపుకొనిరి. అంతకు మునుపు, 1730లో, జోధపురము చెంత ఖేజడ్లీ గ్రామమున రాజభటులు ఈ చెట్లను నరుకుటకు రాగా, అమృతాదేవి యను బిష్ణోయి స్త్రీ చెట్టును కౌగిలించుకొని అడ్డుపడెను. ఆమెతో కలిసి 363 మంది ప్రాణము లర్పించిరని చరిత్ర చెప్పుచున్నది. రాజస్థానమునకు ఇది రాష్ట్రవృక్షము. తెలంగాణ ప్రభుత్వము 2014లో దీనినే రాష్ట్రవృక్షముగా ప్రకటించెను.

ముందుగా చెట్టును గుర్తింపవలెను

మందు సంగతి చెప్పబోవు ముందు ఒక హెచ్చరిక. జమ్మికి దగ్గరి చుట్టమైన సర్కారు తుమ్మ మన రోడ్ల ప్రక్కల, చెరువుగట్లపై విపరీతముగా పెరిగియున్నది. అది ఈ దేశపు చెట్టు కాదు. 1877 ప్రాంతమున జమైకా ద్వీపమునుండి విత్తనములు తెప్పించి కడప మండలములోని కమలాపురమున నాటిరి. అక్కడనుండి అది దేశమంతట వ్యాపించెను. చూపునకు రెండును ఒకే తీరుగా నుండుటచే తెలియనివారు ఒకదానికి మారుగా మరొకదానిని కోసుకొనిపోవుచున్నారు.

గుర్తించుట కష్టము కాదు. జమ్మి ముండ్లు పొట్టివి. అడుగున వెడల్పుగా, కొనకు సన్నగా ఉండి, రెమ్మపై కణుపునకు కణుపునకు నడుమ చెదరియుండును. సర్కారు తుమ్మ ముండ్లు పొడవైనవి. అవి ఆకు మొలచు కణుపువద్దనే తరచుగా జంటలుగా ఉండును. జమ్మికాయ సన్నగా, గుండ్రముగా, పుల్లవలె వ్రేలాడును. సర్కారు తుమ్మకాయ లావుగా, కొంత చదునుగా ఉండును. జమ్మి బెరడు బూడిదవన్నెతో, గరుకుగా, నెఱ్ఱెలు వారి యుండును. పసరుమందు చేయువారు ఈ భేదమును తప్పక ఎరుగవలెను. చెట్టు తప్పినచో మందును తప్పినట్లే.

పెద్దలు చెప్పిన ఉపయోగములు

శమి యను మాటకు శమింపజేయునది యని పెద్దలు అర్థము చెప్పుదురు. ఆయుర్వేద గ్రంథములు దీనిని వగరు రుచి గలదిగా పేర్కొన్నవి. ఆ వగరే దీని గుణమునకు మూలము. బెరడునందు వగరు పదార్థము విస్తారముగా గలదు. తుమ్మబెరడు తోలును బిగియించునట్లే ఇదియు పుండును ఆర్చును, నీళ్ల విరేచనమును కట్టును అను నమ్మకము దీనినిబట్టియే కలిగినది.

బెరడు కషాయమును జిగట విరేచనములకు, మొలలకు, కడుపులోని పురుగులకు ఇచ్చుట వాడుక. దగ్గునకు, ఉబ్బసమునకు, కీళ్లవాతమునకు సయితము దీనిని త్రాగింతురు. గొంతునొప్పికి, పంటినొప్పికి అదే కషాయమును పుక్కిలింతురు.

ఆకును మెత్తగా నూరి సెగగడ్డలపైనను, బొబ్బలపైనను పట్టు వేయుదురు. పశువుల నోటిపూతకును ఆకుముద్ద పూయుదురు.

పూవును చక్కెరతో నూరి గర్భిణీ స్త్రీలకు గర్భము నిలుచుటకై ఇచ్చు ఆచారము ఉత్తరదేశమున గలదు. కాయ వెండ్రుకలను రాల్చునని మన వైద్య గ్రంథములలో వ్రాయబడినది. ఆ చెప్పినదానికి తగినట్లే కాయ బూడిదను చర్మముపై రుద్ది వెండ్రుకలు తొలగించుట కొన్నిచోట్ల వాడుకలో నుండెను. తేలుకాటునకు బెరడును నూరి కట్టుటయు పెద్దలు చెప్పిన చికిత్సలలో నొకటి.

ఇందు విజ్ఞానశాస్త్రము ఎంతవరకు ఒప్పుకొన్నది? ప్రయోగశాలలలో బెరడు, ఆకుల సారములను జంతువులపై పరీక్షించి వాపును, జ్వరమును తగ్గించు గుణము, సూక్ష్మజీవులను అణచు గుణము కొంత గలదని పరిశోధకులు వెల్లడించిరి. కాని రోగులపై తగినంత పెద్ద పరీక్షలు జరుగలేదు. ఎంత మోతాదు మేలు చేయునో, ఎంత మోతాదు కీడు చేయునో నిర్ణయింపబడలేదు. కాబట్టి పెద్దల మాట వట్టి మూఢనమ్మకమని త్రోసివేయరాదు. ఋజువైన మందుగా ఎంచి ప్రాణమును దానిపైననే వదలుటయు తగదు. ఈ రెంటి నడుమ నిలుచుటయే వివేకము.

హద్దు ఎక్కడ?

చిన్న సెగగడ్డకు ఆకుముద్ద వేసి రెండు దినములు చూచుటవలన గొప్ప ప్రమాదము లేదు. గొంతు గరగరకు కషాయము పుక్కిలించినను చింత లేదు. కాని ఈ క్రింది అయిదు సందర్భములలో ఒక్క గంటయు జాగు చేయరాదు. ఈ మాటను ప్రతి సభ్యుడును తన వార్డునందు ఇంటింటికి చేర్పవలెనని మా ప్రార్థన.

మొదటిది పాముకాటు. 2000 మొదలు 2019 వరకు మన దేశమున సగటున ఏటా 58 వేల మంది పాముకాటువలన మరణించిరని పరిశోధకులు అంచనా కట్టిరి. వారిలో అధికులు పల్లెలవారు, పొలమునందు పనిచేయువారు. ఏ చెట్టు బెరడును, ఏ పసరును పామువిషమును విరుచునట్లు ఋజువు కాలేదు. విషమునకు విరుగుడు సూదిమందు ఒక్కటే. కాటుపడినవానిని కదలనీయక, కాటు తగిలిన కాలికిగాని చేతికిగాని బద్ద కట్టి, 108 వాహనమున ఆసుపత్రికి చేర్పవలెను. గాయమును కోయరాదు, నోటితో పీల్చరాదు, త్రాటితో బిగించి కట్టరాదు. పర్ణశాలనుండి భద్రాచలము సుమారు 35 కిలోమీటర్లు. పసరు తెచ్చుటకు అడవిలో తిరుగు సమయమే ఆ దూరమును దాటుటకు చాలును.

రెండవది తేలుకాటు. ఎఱ్ఱతేలు విషము గుండెపై పనిచేయును. చిన్నపిల్లలకు ఇది ప్రాణాంతకము. మహారాష్ట్రమునందలి మహాడ్ అను చిన్న పట్టణమున డాక్టరు హిమ్మత్‌రావు బావస్కర్ ఇట్టి రోగులను ఏండ్ల తరబడి పరిశీలించి, రక్తపుపోటునకు వాడు ప్రాజోసిన్ అను మందు తేలువిషమునకు పనిచేయునని 1980 దశకమున లోకమునకు తెలిపెను. అటు పిమ్మట తేలుకాటు మరణములు ఎంతో తగ్గినవి. కాటుపడిన బిడ్డకు చెమటలు పోసి, చేతులు కాళ్లు చల్లబడినచో బెరడు నూరుచు కూర్చుండరాదు.

మూడవది పిల్లల విరేచనములు. బిడ్డ ప్రాణమును తీయునది విరేచనముకంటె దానివలన ఒంటిలోని నీరు పోవుటయే. కషాయము విరేచనమును కట్టినను పోయిన నీటిని తిరిగి ఈయజాలదు. ఆశా కార్యకర్తవద్ద లభించు ఓ.ఆర్.ఎస్. పొట్లమును నీట కలిపి కొద్దికొద్దిగా త్రాగింపవలెను. అది చేతికందనిచో ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదారయు, అర చెంచా ఉప్పును కలిపి ఇచ్చినను బిడ్డ నిలుచును. బిడ్డ కండ్లు లోతునకు పోయి, మగతగా నుండినచో వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

నాలుగవది గర్భిణికి రక్తము కనబడుట. పూవును చక్కెరయు తినిపించి వేచియుండుట తల్లికిని, బిడ్డకును అపాయము.

అయిదవది రెండు వారములు దాటిన దగ్గు. అది క్షయ కావచ్చును. కళ్లె పరీక్షయు, మందులును ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. కషాయముతో నెలలు గడపినచో రోగము ఇంటిలోని వారందరికిని సోకును.

నాటువైద్యులను అవమానింపవలెనని మేము చెప్పుట లేదు. ఊరిలో రోగి ముందుగా ఆశ్రయించునది వారినే. ఈ అయిదు సందర్భములను వారికి నచ్చజెప్పి, అట్టి రోగి వచ్చినప్పుడు వారే ముందుండి ఆసుపత్రికి పంపునట్లు చేయగలిగినచో, గ్రామమునకు అంతకు మించిన సేవ లేదు. వారి మాటను జనులు నమ్ముదురు. ఆ నమ్మకము ప్రాణరక్షణకు ఉపయోగపడవలెను.

తెలివిని వ్రాసిపెట్టుడు

కోయ సోదరులయందును, ఇతర గిరిజనులయందును మందుమొక్కల తెలివి తరతరములుగా నోటిమాటగా వచ్చుచున్నది. వృద్ధుడు కన్నుమూసిన దినమున అతని తెలివియు మట్టిలో కలియుచున్నది. వ్రాసిపెట్టని తెలివికి మరియొక ప్రమాదము గలదు. పుండుపై పసుపు పెట్టుట మన ఇండ్లలో అనాదిగా నున్న ఆచారము. అయినను దానిపై 1995లో అమెరికాలో పేటెంటు హక్కు ఈయబడెను. మన దేశపు శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథములను చూపి వాదింపగా, 1997లో ఆ హక్కు రద్దయ్యెను. వ్రాతపూర్వకమైన ఆధారముండుటచేతనే అది సాధ్యమైనది.

ఈ కార్యమునకు చట్టము మీకు అధికార మిచ్చినది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి పంచాయతీయందును జీవవైవిధ్య యాజమాన్య సంఘము ఉండవలెను. ఊరిలోని చెట్లు, చేమలు, పశుజాతులు, వాని ఉపయోగములను ప్రజా జీవవైవిధ్య రిజిస్టరునందు వ్రాయుట దాని ముఖ్యమైన పని. 2006 నాటి అటవీహక్కుల చట్టము జీవవైవిధ్యమునకు సంబంధించిన సంప్రదాయ విజ్ఞానముపై గిరిజనులకును, అడవిని నమ్ముకొని జీవించు ఇతరులకును సామూహికమైన హక్కును గుర్తించినది. 1996 నాటి పెసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో గ్రామసభకు ప్రత్యేకమైన స్థానము కల్పించినది.

రిజిస్టరు బీరువాలో నుండినంత మాత్రమున ప్రయోజనము లేదు. ఊరిలో జమ్మిచెట్లు ఎన్ని యున్నవి, ఎవరి నేలలో నున్నవి, వాని వయస్సు సుమారెంత, ఏ భాగమును ఏ రోగమునకు ఎవరు వాడుచున్నారు, మోతాదెంత, ఎవరికి ఈయరాదని పెద్దలు చెప్పుదురు అను సంగతులను ఒక్కొక్కటిగా వ్రాయవలెను. చెప్పినవారి సమ్మతి తీసుకొని వ్రాయుట ధర్మము. వ్రాయుటకు బడిపిల్లల సాయమును, చెట్టును సరిగా గుర్తించుటకు అటవీశాఖవారి సాయమును పొందవచ్చును.

చెట్టును నిలుపుడు

మందు కావలెనన్నచో ముందు చెట్టు ఉండవలెను. ఊరికొక జమ్మి మాత్రమే మిగిలినచోట దసరానాడు జనులందరు దానిమీదనే పడి కొమ్మలు విరుచుచున్నారు. చేతికి రెండు ఆకులు చాలును గదా! పండుగనాడు పంచాయతీ తరపున ఇద్దరిని నిలిపి, చిన్న రెమ్మలు మాత్రమే కోసి అందరికి పంచు ఏర్పాటు చేసినచో ఆచారమును నిలుచును, చెట్టును నిలుచును.

బెరడు తీయువారికి ఒక మాట చెప్పవలెను. మొదలు చుట్టును బెరడు ఒలిచినచో ఆకులయందు తయారైన ఆహారము వేరునకు దిగదు. అప్పుడు వేరు ఎండి చెట్టు చచ్చును. కావున మొదలు ముట్టక, ప్రక్కకొమ్మనుండి చిన్న పట్టీగా, ఒక ప్రక్కన మాత్రమే తీయవలెను. అది మానువరకు మరల ఆ కొమ్మను తాకరాదు. రాజస్థానములో సయితము మితిమీరి కొమ్మలు నరుకుట, భూగర్భజలము అడుగంటుట, వేరుపురుగు, బూజు తెగులు అను కారణములచే వేలాది జమ్మిచెట్లు ఎండినవి. ఎడారిని జయించిన చెట్టు సయితము మనుష్యుని అత్యాశకు నిలువలేదు.

క్రొత్త మొక్కలు పెంచుట అసాధ్యము కాదు. ఎండకాలమున పండిన కాయలనుండి గింజలు తీసి, వేడినీటిలో వేసి, ఒక దినము నాననిచ్చి సంచులలో విత్తవలెను. గింజ పెంకు గట్టిది గనుక నానబెట్టనిదే మొలక ఆలస్యమగును. మొదటి ఏండ్లలో మొక్క పైకి మెల్లగా పెరుగును. అది చూచి నిరాశ పడరాదు. ఆ కాలమున వేరు లోతునకు పోవుచుండును. ఏడాది పెరిగిన మొక్కను తొలకరిలో నాటి, మేకలనుండి కాపాడుటకు ముళ్లకంచె వేయవలెను.

నాటు చోటును ఎంచుటలో ఈ ప్రాంతమువారు ప్రత్యేకముగా జాగ్రత్త పడవలెను. జమ్మి నీటిఎద్దడికి ఓర్చును గాని నీరు నిలిచిన నేలకు ఓర్వదు. భద్రాచలమువద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరెను. వరద ముంచు పల్లపు నేలలను విడిచి, ఎత్తైన గుడిస్థలములు, బడి ఆవరణలు, మెట్టచేల గట్లు ఎంచుకొనవలెను. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము మొక్కల పెంపకమును పంచాయతీల ముఖ్య విధులలో చేర్చినది. గ్రామ నర్సరీలో నీడచెట్లతో పాటు ఒక వరుస జమ్మికి కేటాయించుట మీ చేతిలోని పని.

ముగింపు

సభ్యులారా! ఈ ప్రసంగమునుండి మూడు తీర్మానములు మీ గ్రామసభలో చేయవలెనని కోరుచున్నాము. ఊరిలోని జమ్మిచెట్లను లెక్కించి, వాని ఉపయోగములను రిజిస్టరున వ్రాయించుట మొదటిది. గుడికొకటి, బడికొకటి చొప్పున ఎత్తు నేలలో జమ్మి నాటి, మూడేండ్లు కాపాడు బాధ్యతను ఒక్కొక్క సభ్యునికి అప్పగించుట రెండవది. పైన చెప్పిన అయిదు సందర్భములను పెద్ద అక్షరములతో పంచాయతీ గోడపై వ్రాయించి, నాటువైద్యులను పిలిచి వారి సమక్షముననే చదివి వినిపించుట మూడవది.

వీనిలో ఏ ఒక్కటియు పెద్ద వ్యయముతో కూడినది కాదు. లెక్కకు ఒక పుస్తకము, మొక్కకు ఒక కంచె, గోడకు కొంత రంగు చాలును. వచ్చు దసరానాటికి మీ ఊరి పిల్లవాడు జమ్మి ఆకును తాత చేతిలో పెట్టునప్పుడు, ఆ ఆకు దేనికి పనికివచ్చునో, దేనికి పనికిరాదో కూడ చెప్పగలిగియుండవలెను. ఆ చెట్టు తన ఊరిలోనిదే అయియుండవలెను.